వృషణం మెలిపడితే తర్వాత పిల్లలు పుడతారా?

ఎప్పుడో ఒకప్పుడు వృషణం మెలిపడి చికిత్స చేయించుకున్న మగవాళ్ళ వీర్య పరీక్ష రిపోర్టులు వరసగా పెట్టుకుని చూస్తే దిగులు పుడుతుంది. చాలామందిలో శుక్రకణాల సంఖ్య తగ్గి ఉంటుంది, కొందరిలో కదలికా మందగిస్తుంది. అదే మగవాళ్ళకు తర్వాత పిల్లలు పుట్టారా లేదా అని ఆరా తీస్తే మాత్రం మిగతా జనానికీ వాళ్ళకూ పెద్ద తేడా కనపడదు. రెండూ నిజాలే. ఒకదానికొకటి పొసగనట్టుండే ఈ రెండు నిజాలూ ఎక్కడ కలుస్తాయో తెలిస్తే, ఈ జబ్బు సంతాన సామర్థ్యంలో ఎంత తీసుకుపోతుందో, ఎంత వదిలిపెడుతుందో తేటపడుతుంది. చాలామందిలో మెలిక కాజేసేది శరీరం దగ్గరున్న మిగులునే. ఆ మిగులు మీద ఎవరు ఎంత ఆధారపడాల్సి వస్తుందన్న దాన్ని బట్టే తర్వాతి కథంతా నడుస్తుంది.

వృషణం తిత్తిలో ఒక కట్టకు వేలాడుతూ ఉంటుంది. రక్తం తెచ్చే ధమని, తీసుకుపోయే సిరలు, నరాలు, శుక్రకణాలను బయటికి పంపే నాళం అన్నీ ఆ కట్టలోనే ఉంటాయి. మామూలుగా వృషణం వెనక భాగం తిత్తి గోడకు అంటుకుని ఉంటుంది కాబట్టి అది తన చుట్టూ తాను తిరగలేదు. కొందరిలో పుట్టుకతోనే ఆ అతుకు సరిగా ఏర్పడదు. వృషణాన్ని కప్పే పొర కట్ట మీదికి ఎక్కిపోయి, లోపల వృషణం స్వేచ్ఛగా ఊగుతూ ఉంటుంది. దీన్ని వైద్యులు 'బెల్ క్లాపర్' లోపం అంటారు. శవపరీక్షల్లో వెతికితే నూటికి 12 మంది మగవాళ్ళలో ఇది కనిపించింది. వాళ్ళలో అత్యధికులకు జీవితాంతం ఏ ఇబ్బందీ రాదు. 25 ఏళ్ళలోపు మగవాళ్ళలో ఏడాదికి సుమారు 4,000 మందిలో ఒకరికి మెలిక పడుతుందని అంచనా. అందులోనూ 12 నుంచి 18 ఏళ్ళ మధ్య ఎక్కువ. యుక్తవయసులో వృషణం చకచకా పెరిగి బరువెక్కడం దానికి ఒక కారణం. ఆటలో దెబ్బ తగిలాక పడొచ్చు, ఏ కారణమూ లేకుండా నిద్రలోనూ పడొచ్చు. ఈ లోపం సాధారణంగా రెండువైపులా ఉంటుంది. ఒకవైపు మెలిపడితే ఆపరేషన్‌లో రెండో వృషణాన్ని కూడా కుట్లతో కదలకుండా బిగించేది అందుకే.

కట్ట మెలిపడగానే ముందు మూసుకుపోయేవి సిరలు. వాటి గోడలు పలచన, లోపలి ఒత్తిడి తక్కువ. ధమని ఇంకా కాసేపు రక్తం పంపుతూనే ఉంటుంది. వచ్చిన రక్తానికి వెళ్ళే దారి లేక వృషణం ఉబ్బుతుంది. వృషణం చుట్టూ ఉండే తెల్లటి గట్టి పొర సాగేది కాదు కనుక లోపలి ఒత్తిడి పెరిగి, చివరికి ధమని ప్రవాహమూ ఆగిపోతుంది. ఒక చుట్టు తిరిగితే రక్తం సన్నగానైనా పారే అవకాశం ఉంటుంది. రెండు చుట్లు తిరిగితే దాదాపు పూర్తిగా ఆగుతుంది. ఒకే వ్యవధి నొప్పితో వచ్చిన ఇద్దరు పిల్లల్లో ఒకరి వృషణం దక్కి, ఇంకొకరిది దక్కకపోవడానికి ఈ చుట్ల తేడా చాలావరకు కారణం.

ముందు చనిపోయేది ఏ కణం?

పిల్లల విషయంలో అసలు కీలకం ఇక్కడుంది. వృషణం రెండు పనులు చేస్తుంది: శుక్రకణాలను తయారుచేస్తుంది, టెస్టోస్టెరాన్ హార్మోన్‌ను తయారుచేస్తుంది. ఈ రెండు పనులకూ వేర్వేరు కణాలున్నాయి. రక్తం ఆగితే ఆ రెండు రకాల కణాలూ ఒకే వేగంతో చనిపోవు.

వృషణం ముక్కను సూక్ష్మదర్శిని కింద చూస్తే గుండ్రటి గొట్టాలు పక్కపక్కనే కోసిపెట్టినట్టు కనిపిస్తాయి. ప్రతి గొట్టం గోడ మీద అంచెలంచెలుగా కణాలుంటాయి. అంచున మూలకణాలు, వాటి మీద విభజన చెందుతున్న కణాలు, మధ్యలోని ఖాళీ వైపు తోకలు వేలాడేసిన శుక్రకణాలు. ఎప్పుడూ విభజన చెందుతూ ఉండే ఈ కణాలకు ప్రాణవాయువు అవసరం ఎక్కువ, ఓర్పు తక్కువ. గొట్టాల మధ్య సందుల్లో గుంపులుగా ఉండే లేడిగ్ కణాలు టెస్టోస్టెరాన్ తయారుచేస్తాయి. వాటికి తట్టుకునే శక్తి ఎక్కువ. 1955లో కుక్కల మీద జరిగిన ప్రయోగాల్లో, రక్తం 6 గంటలు ఆపేసరికి శుక్రకణాలను తయారుచేసే కణాలు నశించాయి. లేడిగ్ కణాలు మాత్రం 10 గంటల దాకా నిలిచాయి. 6 గంటల గడువు అనే మాట వైద్యంలో అంత గట్టిగా పాతుకుపోవడానికి ఇలాంటి ప్రయోగాలే మూలం.

ఆలస్యంగా మెలిక విప్పిన వృషణం తిత్తిలోనే ఉండి, హార్మోన్ కొంత ఇస్తూ, శుక్రకణాలు మాత్రం దాదాపు ఇవ్వకుండా పోయే అవకాశం అందువల్లే ఉంటుంది. గడ్డం వస్తుంది, గొంతు మారుతుంది, లైంగిక జీవితం మామూలుగా ఉంటుంది. ఆ లక్షణాలను చూసి సంతాన సామర్థ్యం గురించి నమ్మకం పెంచుకోవడం పొరపాటు. అలాగే ఒక వృషణం తీసేసినంత మాత్రాన మగతనం తగ్గిపోతుందన్న భయానికీ ఆధారం లేదు. మిగిలిన ఒక్కటీ ఆరోగ్యంగా ఉంటే హార్మోన్ అవసరాన్ని అదే మోసుకుపోతుంది.

గంటల లెక్క ఎంతవరకు నిజం

నొప్పి మొదలైన 6 గంటల్లోపు మెలిక విప్పితే నూటికి 90కి పైగా వృషణాలు దక్కుతాయని, 12 గంటలకు అది సగానికి పడిపోతుందని, 24 గంటలు దాటితే పదో వంతు మాత్రమే మిగులుతుందని పాఠ్యపుస్తకాలు చెబుతూ వచ్చాయి. 2019లో అంతకుముందు వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి వేసిన లెక్క దీన్ని కొంచెం సడలించింది. 6 గంటల్లోపు 97 శాతం, 7 నుంచి 12 గంటల మధ్య 79 శాతం, 13 నుంచి 18 గంటల మధ్య 61 శాతం వృషణాలు ఆపరేషన్ బల్ల మీద దక్కినట్టు తేలింది. రోగి 8 గంటలకో 10 గంటలకో వచ్చాడని 'ఇంక లాభం లేదు' అనుకుని ఆపరేషన్‌ను తెల్లవారేదాకా వాయిదా వేయడం ఎంత తప్పో ఈ అంకెలు చెబుతున్నాయి. గడువు దాటిందన్న మాట చికిత్స ఆపడానికి ఎప్పుడూ సాకు కాకూడదు.

అయితే ఇక్కడ 'దక్కడం' అంటే ఆ రోజు తీసేయాల్సిన అవసరం పడలేదని మాత్రమే. ఆపరేషన్‌లో ఏం జరుగుతుందో చూస్తే ఈ తేడా అర్థమవుతుంది. తిత్తి తెరిచేసరికి వృషణం ముదురు నీలంగా, ఒక్కోసారి నల్లగా ఉంటుంది. సర్జన్ చుట్లు లెక్కపెట్టి విప్పుతారు. గోరువెచ్చటి సెలైన్‌లో తడిపిన గాజుగుడ్డ చుట్టి, ఆ లోపు రెండోవైపు వృషణాన్ని బిగించే పని చూస్తారు. తిరిగొచ్చి గుడ్డ విప్పి రంగు చూస్తారు. ఎరుపు తిరిగితే సంతోషం. అనుమానంగా ఉంటే పైపొర మీద చిన్న గాటు పెట్టి ఎర్రటి తాజా రక్తం ఊరుతుందేమో గమనిస్తారు. కొన్ని నిమిషాలు గడిచినా నల్లగానే ఉంటే తీసేస్తారు. కంటికి కనిపించే రంగు మీద ఆధారపడిన తీర్పు ఇది. లోపలి గొట్టాల్లో మూలకణాలు ఎన్ని బతికున్నాయో ఏ రంగూ చెప్పదు. అందుకే దక్కిందనుకున్న వృషణాల్లో కొన్ని తర్వాతి నెలల్లో మెల్లగా కుంచించుకుపోతాయి. ఆపరేషన్ అయ్యాక కొన్ని నెలలకు, ఆ తర్వాత ఏడాదికి వృషణం సైజు కొలిపించుకోవడం చాలామంది వదిలేసే పని. సంతానం గురించి ముందస్తు సూచన ఇచ్చేది మాత్రం అదే.

మెలిక విప్పడమే గాయాన్ని పూర్తిగా ఆపేయదన్నది ఇంకో చేదు నిజం. రక్తం ఒక్కసారిగా తిరిగి ప్రవహించినప్పుడు ప్రాణవాయువుతో పాటు హానికరమైన ఆక్సిజన్ అణువులు పుడతాయి. తెల్ల రక్తకణాలు గుమికూడి వాపు తెస్తాయి. గొట్టాల్లోని బీజకణాలు ఆ దెబ్బకు తమంతట తాము చనిపోయే దారి పడతాయి. ఎలుకల మీద ఈ రెండో గాయాన్ని తగ్గించడానికి పదుల కొద్దీ మందులు ప్రయత్నించారు. వాటిలో ఒక్కటి కూడా ఇంకా మనుషుల్లో రోజువారీ చికిత్స కాలేదు. ఇప్పటికి చేతిలో ఉన్న మందు సమయం ఒక్కటే.

రెండో వృషణానికి ఏమవుతుంది?

మెలిపడింది ఒకవైపైతే వీర్యంలో సంఖ్య సగానికి కాస్త అటూ ఇటూగా తగ్గడం ఊహించదగ్గదే. కొందరిలో అంతకంటే ఎక్కువ ఎందుకు తగ్గుతుందన్నది దశాబ్దాలుగా నలుగుతున్న ప్రశ్న. మంచివైపు వృషణం కూడా దెబ్బతింటోందా అన్న అనుమానం అక్కడే మొదలైంది.

ఎక్కువగా వినిపించే వివరణ రోగనిరోధక వ్యవస్థకు సంబంధించింది. యుక్తవయసులో శుక్రకణాలు తయారవడం మొదలయ్యేనాటికి, బాల్యంలోనే 'తనది ఏది, పరాయిది ఏది' అని నేర్చేసుకున్న రోగనిరోధక వ్యవస్థకు ఆ కణాలు కొత్తవే. అవి దాని కంట పడకుండా గొట్టాల గోడలో ఒక అడ్డుగోడ ఏర్పడుతుంది. మెలికలో కణజాలం చచ్చి ఆ గోడ చెదిరితే శుక్రకణాలకు వ్యతిరేకంగా యాంటీబాడీలు (పరాయి వాటిని పట్టుకోవడానికి శరీరం తయారుచేసే ప్రొటీన్లు) పుట్టి, రక్తంలో తిరిగి, రెండో వృషణాన్నీ పీడించవచ్చన్నది వాదన. జంతువుల్లో దీనికి కొంత బలం దొరికింది. మనుషుల్లో సాక్ష్యం అంత గట్టిగా నిలబడలేదు. మెలిపడిన వాళ్ళలో ఈ యాంటీబాడీలు ఎక్కువమందికి ఉండవు. వృషణం తీసేసిన వాళ్ళకూ ఉంచేసిన వాళ్ళకూ పోల్చి చూసినా చెప్పుకోదగ్గ తేడా తేలలేదు.

ఒకవైపు రక్తం ఆగినప్పుడు నరాల ప్రతిస్పందన వల్ల రెండోవైపు రక్తనాళాలు కూడా ముడుచుకుంటాయన్నది మరో వాదన. నన్ను ఎక్కువ ఆలోచింపజేసేది మూడోది. మెలిక పడిన రోజే రెండో వృషణం నుంచి చిన్న ముక్క తీసి పరీక్షించిన అధ్యయనాల్లో, కొన్ని గంటల్లో ఏర్పడే అవకాశం లేని పాత లోపాలు కొందరిలో కనిపించాయి. అంటే అతుకు సరిగా ఏర్పడని ఆ వృషణాలు మొదటి నుంచే కాస్త బలహీనమై ఉండొచ్చు. అలాంటి చోట తర్వాతి రిపోర్టులో కనిపించే తగ్గుదల మొత్తాన్ని మెలిక ఖాతాలో వేయడం సరికాదు.

ఈ చర్చకు ఆపరేషన్ గదిలో ఒక నిర్ణయంతో ముడి ఉంది. సగం చచ్చిన వృషణాన్ని ఉంచేస్తే అది యాంటీబాడీలకు పుట్టిల్లై రెండోదాన్ని పాడుచేస్తుందా? ఆ భయంతో ఒకప్పుడు తీసేయడం వైపే మొగ్గు ఉండేది. మనుషుల్లో ఆ భయానికి గట్టి ఆధారం దొరకని కారణంగా, కొంచెం ఆశ ఉన్నా ఉంచడమే మేలనే ధోరణి ఇప్పుడు బలపడింది. పూర్తిగా చచ్చినదాన్ని మాత్రం ఉంచకూడదు. చీము పట్టడం, ఎడతెగని నొప్పి తప్ప దానివల్ల ఒరిగేదేమీ లేదు.

సంఖ్య తగ్గినా పిల్లలు ఎలా పుడుతున్నారు

2016లో ఇజ్రాయెల్ వైద్యులు ఒక అధ్యయనం వెలువరించారు. వృషణం మెలిపడి చికిత్స పొందిన వాళ్ళలో, ఆ తర్వాత పిల్లల కోసం ప్రయత్నించిన వాళ్ళ భాగస్వాములు ఎంతమంది గర్భం దాల్చారో లెక్క తీశారు. వృషణం ఉంచినవాళ్ళలోనూ తీసేసిన వాళ్ళలోనూ అది సుమారు 90 శాతం. సాధారణ జనాభాలో కనిపించే స్థాయే అది. చూసిన మనుషుల సంఖ్య పెద్దది కాదు కనుక దీన్ని ఆఖరి మాటగా తీసుకోలేం. కానీ ఒకే వృషణంతో పుట్టినవాళ్ళు, ఇతర కారణాలతో ఒకటి పోగొట్టుకున్నవాళ్ళు అత్యధికంగా తండ్రులవుతూనే ఉన్నారన్న పాత అనుభవంతో ఇది సరిపోతుంది.

కారణం శరీరం ఉంచుకునే మిగులులో ఉంది. ఆరోగ్యవంతుడి వృషణాలు రోజుకు కోట్ల కొద్దీ శుక్రకణాలను తయారుచేస్తాయి. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వెలువరించిన వీర్య పరీక్ష మార్గదర్శకాల్లో కనీస ప్రమాణంగా ఇచ్చినవి మిల్లీలీటరుకు 1.6 కోట్లు, మొత్తం వీర్యంలో 3.9 కోట్లు, కదలిక ఉన్నవి 42 శాతం. ఈ అంకెలు ఎక్కడి నుంచి వచ్చాయో చాలామందికి తెలియదు. ఏడాదిలోపు భాగస్వామి గర్భం దాల్చిన మగవాళ్ళ వీర్యాన్ని కొలిచి, వాళ్ళలో అట్టడుగు 5 శాతం ఎక్కడ ఆగారో అక్కడ గీత గీశారు. గీత కింద ఉన్నవాళ్ళు కూడా తండ్రులే అన్నమాట. సంఖ్య మిల్లీలీటరుకు 6 కోట్ల నుంచి 3 కోట్లకు పడిపోయిన మగవాడికి రిపోర్టులో సగం పోయినట్టు కనిపిస్తుంది. గర్భం వచ్చే అవకాశంలో మాత్రం ఆ తేడా చాలా స్వల్పం.

పైగా గర్భం ఇద్దరికి సంబంధించిన విషయం. భార్య వయసు తక్కువై, ఆమె ఆరోగ్యం బాగుంటే మగవాడి వైపు లోటు చాలావరకు పూడిపోతుంది. ఆమె వయసు 35 దాటి, అండాల సంఖ్య తగ్గుతున్నప్పుడు అదే లోటు బరువెక్కుతుంది. ఒకే మగవాడు, ఒకే రిపోర్టు. 25 ఏళ్ళకు పిల్లల కోసం చూస్తే ఒక ఫలితం, 40కి చూస్తే ఇంకో ఫలితం.

మిగులు పోయినవాడికి అసలు ప్రమాదం రెండో దెబ్బ తగిలినప్పుడే. మిగిలిన వృషణం చుట్టూ వేరికోసీల్ (సిరలు ఉబ్బిపోవడం) వచ్చినా, గవదబిళ్ళలు వృషణానికి పాకినా, ఇన్ఫెక్షన్ నాళాన్ని మూసేసినా, రెండు వృషణాలున్నవాడు తట్టుకునేది ఇతను తట్టుకోలేకపోవచ్చు. చిన్నప్పుడు వృషణం దిగకుండా ఉండిపోయినవాళ్ళదీ ఇదే పరిస్థితి. జిమ్‌లో కండల కోసం తీసుకునే టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్లు, అనబాలిక్ స్టెరాయిడ్లు వీళ్ళకు మరీ ప్రమాదం. బయటి నుంచి హార్మోన్ అందగానే మెదడు వృషణాలకు సంకేతాలు పంపడం ఆపేస్తుంది. శుక్రకణాల తయారీ పూర్తిగా ఆగిపోవచ్చు. ఒకే వృషణం ఉంది కదా, హార్మోన్ తక్కువేమో అన్న అనుమానంతో పరీక్ష లేకుండా ఈ ఇంజెక్షన్లు మొదలుపెట్టే యువకుడు, నిక్షేపంగా ఉన్న సంతాన సామర్థ్యాన్ని తన చేతులతో ఆపేసుకుంటున్నాడు.

మెలిపడిన వయసు కూడా లెక్కలోకి వస్తుంది. పుట్టుకకు ముందో పుట్టిన వెంటనేనో పడే మెలికలో వృషణం దక్కడం అరుదు. కానీ ఆ పిల్లల్లో రెండో వృషణం మామూలుకంటే పెద్దగా పెరిగి లోటు కొంత పూడుస్తుంది. యుక్తవయసుకు ముందు అయితే శుక్రకణాలే ఇంకా లేవు కనుక యాంటీబాడీల బెడద దాదాపు ఉండదు. రెండు వృషణాలూ దెబ్బతిన్న అరుదైన సందర్భాలే నిజంగా కష్టం. అక్కడ సంతానంతో పాటు జీవితాంతం హార్మోన్ అవసరం కూడా ముందుకొస్తుంది.

పరీక్షల విషయానికొస్తే, శుక్రకణం తయారై బయటికి రావడానికి దాదాపు 3 నెలలు పడుతుంది కాబట్టి ఆపరేషన్ అయిన నెలకే వీర్య పరీక్ష చేయించి బెంబేలెత్తడంలో అర్థం లేదు. అబ్బాయి 14 ఏళ్ళవాడైతే అసలు ఆ పరీక్షే వద్దు. పెద్దయ్యాక, తనంతట తాను కోరినప్పుడు చేయించుకుంటాడు. ఒక్క రిపోర్టుతో తీర్పు చెప్పకూడదు, కొన్ని వారాల తేడాతో రెండోసారి చూడాలి. సంఖ్య బాగా తక్కువగా ఉంటే ఎఫ్‌ఎస్‌హెచ్ (శుక్రకణాలు తయారుచేయమని మెదడు వైపు నుంచి వచ్చే హార్మోన్), టెస్టోస్టెరాన్ పరీక్షలు లోపలి తయారీ ఎలా ఉందో చెబుతాయి. ఎఫ్‌ఎస్‌హెచ్ పెరగడమంటే మెదడు గట్టిగా అడుగుతోంది, వృషణం అంతగా ఇవ్వలేకపోతోంది అని అర్థం. అలాంటివాళ్ళు పిల్లల్ని వాయిదా వేయాలనుకుంటే వీర్యాన్ని గడ్డకట్టించి దాచుకోవడం మంచి జాగ్రత్త. సంఖ్య వేలల్లోకి పడిపోయినా దారి మూసుకుపోలేదు. ఒక్కో అండంలోకి ఒక్కో శుక్రకణాన్ని సూదితో పంపే ఇక్సీ పద్ధతితో గర్భాలు నిలిచినట్టు 1992లో వెల్లడైంది. వీర్యంలో ఒక్కటీ లేనివాళ్ళలో కూడా వృషణం నుంచే నేరుగా శుక్రకణాలు తీసి వాడగలుగుతున్నారు.

ఇంత ఆశ ఉన్నా, ఏటా ఎన్నో వృషణాలు అనవసరంగా పోతున్నాయి. వృషణం గర్భంలో పొట్ట పైభాగాన పుట్టి కిందికి దిగుతుంది. దాని నరాలు అక్కడివే. కాబట్టి మెలిక నొప్పి మొదట పొత్తికడుపులో తెలియడం, వాంతులు కావడం సర్వసాధారణం. అజీర్తి అనో అపెండిక్స్ అనో పొట్ట నొక్కి చూసి పంపేస్తారు. అబ్బాయేమో కింద నొప్పిగా ఉందని చెప్పడానికి సిగ్గుపడతాడు. కడుపునొప్పితో వచ్చిన ఏ అబ్బాయినైనా నాడా విప్పించి వృషణాలు చూడకుండా పంపకూడదు. ఒకటి పైకి ఎక్కి, గట్టిగా, అడ్డంగా ఉంటే, తొడ లోపలివైపు గీరినప్పుడు వృషణం పైకి కదలకపోతే మెలికను గట్టిగా అనుమానించాలి. రక్తప్రవాహాన్ని చూపించే డాప్లర్ స్కాన్ ఉపయోగపడుతుంది కానీ, మొదటి గంటల్లో రక్తం ఇంకా కొంత పారుతున్నప్పుడు అది తప్పుగా భరోసా ఇవ్వొచ్చు. లక్షణాలు స్పష్టంగా ఉంటే స్కాన్ కోసం ఆగకుండా ఆపరేషన్‌కే వెళ్ళాలి.

వచ్చి పోయే నొప్పిని కూడా తేలిగ్గా తీసుకోకూడదు. హఠాత్తుగా వచ్చి, కొన్ని నిమిషాల్లో దానంతటదే తగ్గిపోయే వృషణం నొప్పి మెలిపడి విడిపోతున్న సూచన కావచ్చు. అప్పుడే యూరాలజిస్టుకు చూపించి రెండువైపులా బిగింపు కుట్లు వేయించుకుంటే ఏ నష్టమూ లేకుండా బయటపడతారు. ఒకసారి కుట్లు వేసినా ఎప్పుడో అరుదుగా మళ్ళీ మెలిపడిన సందర్భాలున్నాయి. ఒకే వృషణం మిగిలినవాళ్ళు ఏ వయసులోనైనా సరే అలాంటి నొప్పి వస్తే, పాత ఆపరేషన్ సంగతి మొదటి మాటగా చెబుతూ నేరుగా అత్యవసర విభాగానికే వెళ్ళాలి.